ఎక్కినాక మారిన ఛార్జీ

హిందూపురం ప్లాట్‌ఫారం మీద చింతపండు వాసన. గోనె మూటల పక్కన నిలబడి మీరు బెంగళూరు నుంచి వచ్చే మెము కోసం చూస్తున్నారు. మీ ముందున్న మనిషి టీ కొట్టులో కన్నడం మాట్లాడి, ఫోనెత్తి తెలుగులోకి మారి, పక్కనున్న మిత్రుణ్ణి ఉర్దూలో పలకరిస్తాడు. ఎవరికీ వింతగా లేదు. రైలొచ్చింది. బెంగళూరులో రాత్రి షిఫ్టు ముగించుకున్నవాళ్ళు కళ్ళు నులుముకుంటూ దిగుతున్నారు. వాళ్ళు ఖాళీ చేసిన సీట్లో, వెచ్చదనం ఆరకముందే, మీరు కూర్చుంటారు.

ఎదురుగా యాభై దాటిన రైతు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఫోను. తెరమీద కొడుకు ముఖం, దాని వెనక ట్యూబులైటు వెలుగుతున్న పొడవాటి వరండా. ఇంగ్లండులో ఇంకా తెల్లవారలేదు. ముసలివాళ్ళు నిద్రపోతున్న ఒక కేర్ హోమ్‌లో ఆ పిల్లవాడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు.

"పదైదేండ్లంటాండారు నాయనా."

"ఎవురన్నారు రా?"

"గవర్నమెంటే. ఇంగా ఖాయం కాలేదులే. మళ్ళ చేస్తా, బెల్లు కొడతాండారు."

ఫోను నల్లబడింది. రైలు కదిలింది. ఆయన మీ వైపు ఒకసారి చూసి, కిటికీ పక్కన పేపరు మడిచి పెట్టుకున్న పెద్దాయన వైపు తిరుగుతాడు. అద్దాలు, జేబులో రెండు పెన్నులు. పెన్షను తీసుకుంటున్న అయ్యవారని చూడగానే తెలుస్తుంది.

"సార్, మీరు చెప్పండి. అయిదేండ్లుంటే పర్మినెంటు అన్న్యారు. అప్పు జేసి పంపిస్తి. రెండేండ్లు దాటిపాయ. ఇప్పుడు పదైదంటే ఎట్ల సార్? ఇట్ల జెయ్యొచ్చునా?"

అయ్యవారు వెంటనే జవాబివ్వరు. పేపరును ఇంకో మడత పెడతారు. ఆయన ఆలోచించుకునేలోగా విషయం తెలుసుకోండి.

కోవిడ్ తర్వాత బ్రిటన్ వృద్ధాశ్రమాల్లో పనిచేసే చేతులు చాలలేదు. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచారు. కేరళ నుంచి, పంజాబు నుంచి, మన జిల్లాల నుంచి కూడా పోయారు. 2024 మార్చి 11 నుంచి కొత్తగా పోయేవాళ్ళు భార్యాబిడ్డలను తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలై 22 నుంచి ఆ పనికి విదేశాల నుంచి మనుషులను తీసుకోవడమే ఆపేశారు. అదే ఏడాది నవంబరులో హోంమంత్రి షబానా మహమూద్ కొత్త ప్రతిపాదన పెట్టారు: శాశ్వత నివాసానికి 5 ఏళ్ళ గడువు 10కి పెంచాలి, తక్కువ నైపుణ్యమని లెక్కగట్టిన పనులకు 15 చేయాలి, బాగా సంపాదించేవాళ్ళకు తగ్గించాలి. మహమూద్ కుటుంబం కూడా కాశ్మీరులోని మీర్పూర్ నుంచి అక్కడికి వలసపోయిందే. ఈ రైతు గుండెలో గుచ్చుకున్న ముల్లు ఆ ప్రతిపాదనలోని ఇంకో వాక్యం: ఇప్పటికే అక్కడుండి, శాశ్వత నివాసం ఇంకా చేతికి రానివాళ్ళకూ కొత్త లెక్కే వర్తించాలని.

"వాళ్ళ బాధ వాళ్ళదప్పా," అంటారు అయ్యవారు చివరికి. "2023 జూన్‌కు ముగిసిన ఒక్క ఏడాదిలో, వచ్చినోళ్ళలోనుంచి పోయినోళ్ళను తీసేస్తే 9 లక్షలకు పైన మిగిలినారు. మన హిందూపురంలోనే రేపు పొద్దున వెయ్యి సంసారాలు దిగితే అద్దిల్లు యాడ, ఆస్పత్రిలో మంచం యాడ అని అడగమా? ఎంతమందిని రానియ్యాలో చెప్పే హక్కు వాళ్ళకుంది."

రైతు ముఖం వాడిపోతుంది.

"ఉండు, నేనింగా ముగించలేదు. వద్దంటే మీవోడు పోయేవాడే కాదు కదా. అది న్యాయం. రమ్మని, టికెట్టిచ్చి, బండి సగం దూరం పోయినాక ఛార్జీ మూడింతలైంది, ఇష్టమైతే కట్టు, లేకపోతే దిగు అంటే? ఇదీ నీ ప్రశ్న."

పెట్టెలో నలుగురు తలలాడించారు. వాళ్ళలో ఒకడి చెయ్యి అప్రయత్నంగా పై జేబులోని టికెట్టును తడుముకుంది.

మలుగూరు దాటింది. ఎర్రమట్టి, గుండ్లరాళ్ళు, మధ్యమధ్య మల్బరీ తోటల పచ్చదనం. ఆ ఆకు తిని అల్లిన పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేరుశెనగ వేసి ఆకాశం చూడడం, వాన రాకపోతే బెంగళూరు రైలెక్కడం ఇక్కడ తరాలుగా ఉన్నదే. పోవడం ఈ నేలకు కొత్త కాదు. పోయినచోట ఎన్నాళ్ళకు సొంతమనిషిగా చూస్తారనే లెక్క కూడా కొత్తది కాదు.

"పదైదేండ్లంటే నాకు మా నాయన గుర్తొస్తాడు," అంటారు అయ్యవారు. "ముల్కీ రూల్స్ విన్న్యావా?"

రైతు వినలేదు. మీరు విన్నారు, అయినా ఈ రైలు పెట్టెలో ఆ మాట వేరేగా వినిపిస్తుంది. హైదరాబాదు రాజ్యంలో సర్కారు ఉద్యోగం కావాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా 15 ఏళ్ళు ఎడతెగకుండా నివసించి ఉండాలి. 1919 నాటి నిజాం ఫర్మానా అది. బయటివాళ్ళు వచ్చి ఉద్యోగాలు తీసుకుపోతున్నారని 1952లో హైదరాబాదు వీధుల్లో విద్యార్థులు లేచారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1969లో తెలంగాణ మళ్ళీ భగ్గుమంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిస్తే ఈసారి కోస్తా, రాయలసీమ లేచాయి. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ తర్వాత రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఎవరు లోకల్, ఎవరు నాన్‌లోకల్ అన్న గడి మన దరఖాస్తు ఫారాల్లోకి అట్లా చేరి అక్కడే స్థిరపడింది. ఒకే దేశం, ఒకే రాష్ట్రం, ఒకే భాష. అయినా ముల్కీ లెక్క 15 ఏళ్ళే.

"నాన్‌ముల్కీ అని మా నాయన్ను హైదరాబాదులో అన్న్యారు. ఇంటికొచ్చి ఆ బాధ చెప్పుకుండె. అదే మనిషి, మా స్కూల్లోకి గుంటూరాయన బదిలీ మీద వస్తే 'మన జిల్లావోళ్ళకు రావల్సిన పోస్టు' అని రుసరుసలాడె."

పెట్టెలో నవ్వు. ఆ నవ్వులో కలవనిది ఒక్క రైతే. ఆయనకు కావలసింది చరిత్ర కాదు, దారి.

అయ్యవారికి అది తెలుసు. "దారి ఉందో లేదో చెప్పలేనుగానీ, ముందు జరిగింది చెప్తా. 2006లో వాళ్ళు ఇట్లే చేసినారు." నైపుణ్యమున్నవాళ్ళను పిలవడానికి బ్రిటన్ అంతకుముందే ఒక పథకం పెట్టింది. డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్న ఉద్యోగాలు వదిలి, ఇళ్ళమ్ముకుని పోయారు. వాళ్ళు చేరాక అర్హతల లెక్క మార్చి, పాతవాళ్ళకూ అదే కొలబద్ద పెట్టారు. శాశ్వత నివాసం గడువు 4 ఏళ్ళ నుంచి 5కు పెంచారు. భారతీయులు ముందుండి, ఆ పథకం పేరుతోనే హెచ్‌ఎస్‌ఎంపీ ఫోరం అనే సంఘం కట్టుకుని కోర్టుకెళ్ళారు. 2008 ఏప్రిల్ 8న హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది: ఏ షరతుల మీద పిలిచారో ఆ షరతులే నిలబెట్టుకోవాలి. గడువు పెంపు విషయంలోనూ 2009లో ఆ సంఘమే గెలిచింది.

"అయితే మావోడికీ..."

"తొందరపడొద్దు. వాళ్ళ చేతిలో రాత ఉండె. ఇట్ల వస్తే ఇట్ల ఉండనిస్తామని పథకం కాయితాల్లోనే ఉండె. కోర్టు దాన్ని పట్టుకునింది. మీవోణ్ణి కాయితాలన్నీ తీసిపెట్టుకోమను. ఏజెంటు నోటిమాట ఏ కోర్టులోనూ నిలబడదు."

ఇంతవరకూ మౌనంగా విన్న టోపీ భాయ్ ఒకాయన గొంతు సవరించుకుంటాడు. "కాయితాలంటే మాకు జెప్పల్లా సార్? 2020లో మా ఇంట్లో పెట్టెలన్నీ దించితిమి. మా అబ్బా యాడ పుట్టినాడో ఎవురికి తెలుసు? కరువొచ్చిన ఏడాది పుట్టినాడనేవాళ్ళు. ఏ కరువు?" 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. జనాభా రిజిస్టరులో తల్లిదండ్రుల పుట్టుక వివరాలు అడుగుతారనే భయం ఊళ్ళలో పాకింది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం, పాత ప్రశ్నలకే పరిమితం కావాలనీ అంతవరకూ ఆ పని ఆపాలనీ కేంద్రాన్ని కోరింది. చట్టానికి నియమాలు 2024 మార్చి 11న వెలువడ్డాయి. కేర్ వర్కర్ల భార్యాబిడ్డలకు బ్రిటన్ తలుపు మూసిన రోజు కూడా అదే. రెండు దేశాలు, ఒకే తేదీ. ఒకచోట అడిగింది చేసే పని, ఇంకోచోట అడిగింది మతం, వచ్చిన దేశం, వచ్చిన తేదీ.

చాకర్లపల్లి దాటింది. దూరంగా పెనుకొండ కొండ కనిపిస్తోంది. మీరు దిగాలి.

కొండ కింద ఊరు, ఊరి చుట్టూ కోట గోడల ముక్కలు. ఆటోవాడు ముందుగా మిమ్మల్నొకసారి ఎగాదిగా చూసి "కియానా, ఊర్లోకా?" అని అడుగుతాడు. ఊళ్ళోకేనంటారు. దారిలో తెలుగు బోర్డుల నడుమ హఠాత్తుగా గుండ్రాలూ గీతలూ కలిసిన కొరియా అక్షరాలు. హోటలు, గెస్ట్‌హౌస్, సరుకుల కొట్టు. ఒక అంగడి ముందు పులిసిన క్యాబేజీ ఘాటు, పక్కనే బజ్జీల నూనె వాసన.

2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో కొరియా కార్ల కంపెనీ కియాకు ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి దగ్గర, జాతీయ రహదారి పక్కన 536 ఎకరాలు. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి. 2019లో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, డిసెంబరు 5న ఫ్యాక్టరీ లాంఛనంగా ప్రారంభమైంది. బిస్కెట్ ప్యాకెట్టు కోసం కూడా ధర్మవరమో హిందూపురమో పోదామనుకునే ఊళ్ళోకి సియోల్ నుంచి మనుషులొచ్చారు.

మేడ మీద భాగం కొరియావాళ్ళకు అద్దెకిచ్చిన ఇంటి ముందు ఆగండి. ఇంటావిడ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తోంది. మిమ్మల్ని కూడా కూర్చోమంటుంది.

"వాళ్ళు శానా మర్యాదస్తులబ్బా. ఒకటో తేదీ అంటే ఒకటో తేదీనే. మాట దెలీదు, వంగి దండం బెడతారు. నేనూ వంగుతా."

"ఫ్యాక్టరీలో బీహారువాళ్ళు, ఒడిశావాళ్ళు కూడా ఉన్నారు కదా అక్కా. వాళ్ళు అడిగితే ఇస్తారా?"

ఒలిచే చెయ్యి ఆగింది. "వాళ్ళా? మందెక్కువుంటారు. వాళ్ళ సంగతి మనకేం దెలుసు?"

ఆమె చెడ్డ మనిషి కాదు. మీకు మజ్జిగ కూడా ఇస్తుంది. బీహారు పిల్లవాడికి ఈ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును 19వ అధికరణం ఇచ్చింది. కొరియా ఇంజనీరుకు ఉన్నది వీసా మాత్రమే. మేడ మీద గది మాత్రం వీసా ఉన్నవాడికే దొరికింది. హక్కు కాగితం మీద ఒకరిది, తాళంచెవి చేతిలో ఇంకొకరిది. ఎదురింటి అరుగు మీద ఇంకో వాదం: కొరియావాళ్ళొచ్చాక అద్దెలు పెరిగిపోయాయి, బళ్ళో పనిచేసే పంతులమ్మకు ఇల్లు దొరకడం లేదు. ఇదే మాట డబ్లిన్‌లో అంటారు, లిస్బన్‌లో అంటారు. అక్కడ ఆ మాటలో మన పిల్లల పేరుంటుంది.

ఇప్పుడా కొరియా హోటల్లోకి రండి. వంటగదిలో ఆవిరి, ఇనుప పళ్ళెం మీద మాంసం చిటపటలు. వడ్డించేది పెనుకొండ కుర్రాడు, కొరియా మాటలు పది నేర్చుకున్నాడు. వండేది సముద్రం దాటి వచ్చిన మనిషి. ఆ మనిషి ఇక్కడ నిలబడడానికి మన ప్రభుత్వం ఏమడుగుతుందో తెలుసా? భారతదేశం విదేశీయులకిచ్చే ఉద్యోగ వీసాకు జీతం ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు తగ్గకూడదని నిబంధన. అర్హులైన భారతీయులు దొరికే పనికి ఆ వీసా ఇవ్వరు. గుమాస్తా పనులకు అసలే ఇవ్వరు. జీతం నిబంధన నుంచి మినహాయింపు కొందరికే ఉంది. వాళ్ళలో తమ దేశపు వంట చేసే వంటవాళ్ళు ఉన్నారు, ఇంగ్లీషు కాని భాషలు నేర్పేవాళ్ళు ఉన్నారు. ఆరు నెలలకు మించిన వీసాతో వస్తే 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. బసకు దిగిన విదేశీయుడి వివరాలు గెస్ట్‌హౌస్ యజమాని 24 గంటల్లో అధికారులకు పంపాలి. 1939 నాటి నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం సహా నాలుగు చట్టాలను రద్దుచేసి, 2025 సెప్టెంబరు 1 నుంచి ఒకే కొత్త చట్టం అమల్లోకి తెచ్చారు. ఇక పౌరసత్వం కావాలంటే మామూలు దారిలో 12 ఏళ్ళ నివాసం చూపాలి, పాత పౌరసత్వం వదులుకోవాలి.

బ్రిటన్ నైపుణ్య వీసాకు కనీస జీతం 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కు, 2025 జూలైలో 41,700కు పెంచితే మన టీవీల్లో చర్చలు సాగాయి, తప్పులేదు. ఆ గీతలాంటి గీత మనమూ గీసుకున్నాం. పెనుకొండలో దాని గురించి ఎవరూ చర్చ పెట్టలేదు. గీత అవతల ఉన్నది మన బిడ్డ కాకపోవడమే కారణం.

హోటలు బయట, వేపచెట్టు నీడలో ఎర్రమంచి వైపు రైతు ఒకాయన బస్సు కోసం నిలబడి ఉన్నాడు. భూమి పోయినవాళ్ళ పిల్లలకు ముందు ఉద్యోగమివ్వాలన్నది ఆయన మాట. 2019 జూలైలో శాసనసభ చేసిన చట్టం ఆయనకు నచ్చింది: పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే, ఉన్న ఫ్యాక్టరీలు కూడా 3 ఏళ్ళలో ఆ లెక్కకు రావాలి. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. దాని రాజ్యాంగబద్ధత మీద 2020లో రాష్ట్ర హైకోర్టు అనుమానం వ్యక్తం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది.

"కంపెనీతో మాట్లాడుకున్నది 2017లో, చట్టమొచ్చింది 2019లో. అది మధ్యలో మార్చడం కాదా పెద్దాయనా?" అని అడిగి చూడండి.

ఆయన మీ వైపు సూటిగా చూస్తాడు. "కంపెనీకి వకీళ్ళుంటారు సామీ. వాళ్ళు సర్దుకుంటారు. మా పిల్లోళ్ళకు ఎవురుండారు?"

జవాబు చెప్పడం అంత సులభం కాదు. స్థానికుడి భయం నిజమైనదే. జర్మనీలోని సాక్సనీలో వలసలు వద్దని ఓటేసేవాడి భయంలోనూ కొంత నిజముంటుంది. అయితే ఆయన మనవడు రేపు హోసూరులోనో శ్రీపెరంబుదూరులోనో పనికి పోతే, అక్కడా ఇదే 75 శాతం లెక్క పెడితే అతనే బయటివాడవుతాడు. ఆ మాట మీ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బస్సొచ్చింది, ఆయన ఎక్కేశాడు.

స్టేషనుకు తిరిగిపోయే ముందు ఊరి పాత కథ కూడా చూసిపోండి. 1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయాక తిరుమల దేవరాయలు విజయనగరం వదిలి రాజధానిని ఈ కొండ కిందికి తెచ్చాడు. ఆయన వెంట వచ్చిన పరివారమంతా ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ళే. అంతకు ఎన్నో తరాల ముందు వచ్చినవాడు ఇక్కడి దర్గా సూఫీ బాబయ్య. ఇరాన్ వైపు సీస్తాన్ రాజ్యాన్ని వదిలి వచ్చాడనీ, తిరుచిరాపల్లిలో గురువు నత్తర్ వలీ ఒక పంటిపుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగిరిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడనీ దర్గాలో చెబుతారు. పుల్ల పెనుకొండలో చిగిర్చింది. ఉరుసుకు ఇప్పుడు హిందువులు కూడా వస్తారు.

మధ్యాహ్నపు రైలు పుట్టపర్తి మీదుగా సాగుతుంది. ప్రశాంతి నిలయం స్టేషన్లో తెల్లబట్టలు కట్టుకున్న ఇద్దరు యూరప్ వృద్ధులు ఎక్కారు. పల్లీలమ్మే ఆమెతో బేరం తెలుగులోనే చేస్తున్నారు. ఎవరూ తలతిప్పి చూడలేదు. ఇక్కడ ఆ దృశ్యం పాతబడింది.

ధర్మవరంలో దిగితే వీధి పొడవునా మగ్గం చప్పుడు. ఒక ఇంట్లోకి తొంగిచూడండి. గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న నేతగాడు నాడె విసురుతున్నాడు. పైన జాకార్డు అట్టలు టకటకమని తిరుగుతున్నాయి, జరీ అంచు అంగుళం అంగుళంగా పెరుగుతోంది. ఆయన తమ్ముడు మగ్గం వదిలి కువైటు పోయాడు. ఇక్కడి నుంచి కదిరి మీదుగా పాకాల పోయే లైను పొడవునా ఊరూరికీ కువైటు పోయినవాళ్ళుంటారు.

"కువైటులో ఎన్నేండ్లుంటే పౌరసత్వమిస్తారన్నా?" అని అడగండి.

ఆయన నాడె ఆపి నవ్వుతాడు. "యాడిస్తారు సార్? ముప్పై ఏండ్లున్నా కాయితం అయిపోతే రావల్సిందే. ఎవురూ ఆశపడరు, ఎవురూ అడగరు."

అక్కడ పనికి పోయినవాళ్ళ గురించి పెద్ద వాదం లేకపోవడానికి కారణం ఇదే. ఆశ లేనిచోట తగాదా ఉండదు. యూరప్‌లో ఇంత గొడవ జరుగుతున్నదంటే అక్కడ లోపలికి తలుపొకటి ఉంది, దాని వెడల్పు ఎంతుండాలన్నదే గొడవ. కువైటు గోడ కంటే ఆ గొడవే మేలు. అయితే గోడ మోసం చేయదు; అది గోడనని ముందే చెబుతుంది. మోసం చేయగలిగేది కదిలే తలుపే.

సాయంత్రం బత్తలపల్లి బస్సెక్కండి. దూరం ఎక్కువ లేదు. దిగగానే గ్రామీణాభివృద్ధి ట్రస్టు వాళ్ళ ఆసుపత్రి. ఆర్డీటీ అంటే ఈ చుట్టుపక్కల పసిపిల్లవాడికీ తెలుసు. ఆవరణలో రోగుల బంధువులు చెట్ల కింద సద్ది విప్పుకున్నారు. విన్సెంట్ ఫెర్రర్ సమాధి ఇక్కడే ఉంది.

ఆయన కథను ఈ రోజు మీరు విన్న మాటల పక్కన పెట్టి చూడండి. బార్సిలోనాలో 1920లో పుట్టిన జెసూట్. 1952లో భారతదేశానికొచ్చి మహారాష్ట్రలో మన్మాడు దగ్గర రైతులతో బావులు తవ్వించాడు. పదహారేళ్ళు గడిచాక 1968లో, దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు. స్థానిక పెద్దలకు ఆయన పొడ గిట్టలేదు. అప్పుడు దాదాపు 30 వేల మంది రైతులు మన్మాడు నుంచి బొంబాయి వైపు నడిచారు, 250 కిలోమీటర్లు. ఒక విదేశీయుణ్ణి పంపించవద్దని మన రైతులు చేసిన నడక అది. ఇందిరాగాంధీ కల్పించుకున్నారు, కొన్నాళ్ళు విదేశంలో ఉండి రమ్మన్నారు. 1969లో ఆయన తిరిగొచ్చాడు, ఆంధ్రప్రదేశ్ చోటిచ్చింది, కరువు జిల్లా అనంతపురానికి వచ్చాడు.

సంవత్సరం మళ్ళీ చూడండి, 1969. హైదరాబాదులో సాటి తెలుగువాణ్ణి నాన్‌ముల్కీ అని వెళ్ళగొట్టాలంటున్న సంవత్సరం. అదే ప్రభుత్వం, అదే ఏడాది, ఒక స్పానిష్ పాదిరీని అనంతపురంలో ఉండనిచ్చింది. ఆ తర్వాత ఆయన జెసూట్ సంఘం వదిలి, ఇంగ్లండులో పుట్టిన ఆన్‌ను పెళ్ళాడి, 2009 జూన్ 19న చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇళ్ళు, బళ్ళు, చెరువులు, ఈ ఆసుపత్రి. ఆయన పెట్టిన ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరించాలని 2025లో ఈ జిల్లాల జనం మళ్ళీ రోడ్డెక్కారు. 1968లో మహారాష్ట్ర రైతులు నడిచారు, ఈసారి మనవాళ్ళు నడిచారు.

గేటు బయట టీ కొట్టు దగ్గర ముగ్గురు నర్సింగ్ అమ్మాయిలు. ఒకతె చేతిలో జర్మన్ పుస్తకం. నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్‌లో బీ2 స్థాయి కావాలి. ఆమె ఇంకా ఏ2లో ఉంది. జర్మనీ మనవాళ్ళను పిలుస్తోంది: నైపుణ్యమున్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించింది. అదే ఏడాది జూన్ 27 నుంచి పౌరసత్వానికి 8 ఏళ్ళ బదులు 5 ఏళ్ళు చాలన్నారు. బాగా కలిసిపోయినవాళ్ళకు 3 ఏళ్ళ దగ్గరిదారి కూడా తెరిచారు. 2025 అక్టోబరులో ఆ దగ్గరిదారి మూసేశారు. తెరిచి ఉన్నది పదహారు నెలలు. అయిదేళ్ళ దారి మిగిలింది.

"అది మూసినారని నీకు తెలుసా అమ్మా?" అంటారు మీరు.

"తెలుసు సార్. మా మేడం చెప్పినారు." పుస్తకం మూయలేదు ఆమె.

"నువ్వు పోయేనాటికి అయిదు కూడా మారొచ్చు. పోయినాక కూడా మారొచ్చు."

హిందూపురం రైతు మాట, అయ్యవారి మాట మీరామెకు చెబుతారు. కాగితాలు దాచుకోమంటారు. ఆమె శ్రద్ధగా వింటుంది. పక్కనున్న స్నేహితురాలు కల్పించుకుంటుంది: "ఇట్ల మార్చేటట్లైతే ఎందుకే అంత కష్టపడేది?"

"మారిస్తే వాళ్ళకే నష్టం," అంటుంది జర్మన్ పుస్తకం అమ్మాయి, టీ గ్లాసు కింద పెట్టి. "రెండేండ్లు భాష నేర్చుకుంటా, అప్పు దీరేదాకా పనిజేస్తా. అప్పుడు రూలు మార్చినామంటే నా మాదిరి వంద మంది వేరే దేశం చూసుకుంటారు, లేకపోతే ఇంటికొస్తారు. ఈ ఆసుపత్రిలో నర్సులు ఎప్పుడూ కావల్సిందే. వాళ్ళ ముసలోళ్ళకు మందులిచ్చేది ఎవురు సార్?"

ఆమె లెక్కలో రవ్వంత ధీమా ఎక్కువే. ఇంగ్లండులో రాత్రి డ్యూటీ చేస్తున్న కుర్రాడికి ఆ ధీమా లేదు, అతని అప్పు ఇంకా తీరలేదు. మార్చినవాడికి నష్టం తెలియడానికి ఏళ్ళు పడుతుంది, ఆ మార్పు మీద పడినవాడికి మరుసటి నెల వడ్డీకే తెలుస్తుంది. అయినా ఆమె చెప్పినదానికి రుజువు కళ్ళెదుటే ఉంది: 1968లో ఫెర్రర్‌ను మధ్యలో పొమ్మంటే మన్మాడు పోగొట్టుకున్నదే అనంతపురానికి దక్కింది. ఎవరిని రానివ్వాలో, ఎంతమందిని రానివ్వాలో ప్రతి దేశమూ చెప్పుకోవచ్చు, గట్టిగానే చెప్పుకోవచ్చు. చెప్పవలసింది మాత్రం గడప అవతల ఉండగానే. లోపలికి పిలిచి పని చేయించుకున్నాక కాదు. ఈ న్యాయం లండన్‌ను అడిగే ముందు పెనుకొండలో మేడ మీద గది కోసం వచ్చిన బీహారు కుర్రాడి దగ్గర కూడా మనం ఒప్పుకోవాలి.

"మీరు పేపర్లో రాస్తారా సార్?" అని అడుగుతుందామె. "రాసేటట్లైతే రూల్సు తేదీలతో రాయండి. ఏ రోజు ఏముండెనో మాకు కావాల."